కాలితో పలికించే గిటారు



ఇంతకుముందు మన పిల్లలు గిటారుచేత "ఉంగా" అనిపించారు గదా! ఆ కాలిపెట్టె సంగతి చెప్పమని పెద్దలు సెలవిచ్చారు. మేము రైల్వే గుమాస్తాలము. చదువు మెట్రిక్కుతో సరి. తెలిసినంతే మనవి చేస్తాము.

1966లో కాలిఫోర్నియాలోని థామస్ ఆర్గన్ సంస్థలో బ్రాడ్ ప్లంకెట్ దీనిని రూపొందించాడు. మీరొకసారి "ఊ" అంటూ మెల్లగా "ఆ"లోకి రండి. గొంతు అదే, నోరే మారింది. పెట్టెలో ఆ నోటిపని కాయిలూ, కెపాసిటరూ కలిసి చేస్తాయి. అర హెన్రీ కాయిలుకు 0.01 మైక్రోఫారడ్ కెపాసిటరు జోడిస్తే, సెకనుకు సుమారు 2,250 కంపనాల దగ్గర ధ్వని ఉబుకుతుంది. మడమ నొక్కితే రెండవ ట్రాన్సిస్టరు ఆ కెపాసిటరును అనేక రెట్లు పెద్దదన్నట్లు నడిపిస్తుంది. ఉబుకు కిందికి దిగి "ఊ" వస్తుంది.

మా పెట్టె "ఆ" అన్నదే గాని "ఊ" అనలేదు. పండుగ నాలుగు రోజులున్నది. కాయిలుదే తప్పనుకొని (ధర్మాబాదులో మాకు దొరికింది పాత రేడియో ట్రాన్స్‌ఫార్మరే మరి!) మూడు మార్చాము. పిల్లవాడు గిటారును సంచిలో కట్టేసి, "తబలాతో కానివ్వండి మామయ్యా" అన్నాడు. ఆ మాట మాకు నిద్ర పట్టనివ్వలేదు. చివరకు తప్పు పళ్లచక్రంలో దొరికింది. మా పెడలు కంట్రోలును సగం దూరమే తిప్పుతుంది. ఏ సగమన్నదే ముఖ్యం. చక్రమెత్తి, మూడు పళ్లు జరిపి బిగించాము. "ఊ" అన్నది!

కాయిలు పక్కనున్న 33 వేల ఓముల రెసిస్టరును పెంచితే, మిరప అడ్తిలో నిలబడినవానివలె ముక్కుతో పలుకుతుంది, తగ్గిస్తే మెత్తబడుతుంది. పెట్టెను ఆంప్లిఫయరుకు దూరంగా ఉంచండి, కాయిలు రొద పట్టేస్తుంది. లోపల చూడగోరువారు వేదిక వెనుకకు దయచేయండి. స్క్రూడ్రైవరు మా జేబులోనే ఉన్నది.