వినువారి కన్నులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



కన్నులు లేని ధృతరాష్ట్ర మహారాజు కురుక్షేత్ర సంగ్రామమును సంజయుని నోట వినెను. తిక్కన సోమయాజి తెనిగించిన యుద్ధపర్వములు చదివినవారికి ఆ ఘట్టము తెలియనిది కాదు. వ్యాసమహర్షి సంజయునకు దివ్యదృష్టి నొసగెను. ఆ దృష్టి మహర్షి యిచ్చిన వరము. కాని తన్ను పోషించు ప్రభువునకే ఆతని కొడుకుల మరణవార్తలను ఒకదాని వెంట నొకటిగా, మరుగుపుచ్చక, మెరుగు పెట్టక చెప్పుట వరము వలన వచ్చినది కాదు. అది సంజయుని శీలము.

ఆటస్థలమున జరుగునది దూరమున నున్నవారికి రేడియో, టెలివిజన్ల ద్వారా చెప్పువానిని నేడు క్రీడావ్యాఖ్యాత యందురు. సంజయుని పని వంటిదే యీతని పని. ఈ వృత్తియందు ప్రవేశింపవలెనని ఉవ్విళ్లూరు విద్యార్థులు పట్టణములలోనే కాదు, పల్లెలలోను కలరు. గట్టి గొంతును, గుక్క త్రిప్పుకొనక మాటలాడు నేర్పును ఉన్న చాలునని వారిలో పెక్కురు తలంతురు. ఆ తలంపు నిజమో కాదో, ఒక విద్యార్థి నడచిన త్రోవను చూచిన తెలియగలదు.

ఆతని పేరు విన్ స్కల్లీ. 1927లో అమెరికాదేశమున, న్యూయార్కు నగరమున జన్మించెను. తండ్రి పట్టుబట్టల వ్యాపారమున పని చేసెడివాడు. కొడుకు పసివాడుగా నుండగనే మరణించెను. ఇంటిలో నాలుగు కాళ్ల పెద్ద రేడియో పెట్టె యొకటి యుండెడిది. బాలుడు ఉప్పు బిస్కత్తులును పాలును చేత బట్టుకొని, దాని క్రిందికి ప్రాకి, తానెన్నడును చూడని యూళ్ల ఫుట్‌బాల్ పోటీలను వినుచుండెడివాడు. ఆతని మనస్సును దోచినది జనసమూహపు హోరు. అది నెత్తిపై నీటిధార పడినట్లుండెడిదని పెద్దవాడైన తరువాత చెప్పుకొనెను. ఎనిమిదేండ్ల ప్రాయముననే, క్రీడావ్యాఖ్యాత కావలెనని బడిలో వ్యాసము వ్రాసెను.

కోరిక యందరికిని కలుగును. దానికి తగిన కూలి చేయువారు కొందరే. స్కల్లీ అదే నగరమందలి ఫోర్డమ్ విశ్వవిద్యాలయమున చేరెను. అచ్చట కళాశాల జట్టులో బేస్‌బాల్ ఆడెను. ఇది క్రికెట్టునకు దూరపు చుట్టము వంటి ఆట. ఒకడు బంతి విసరగా, మరియొకడు కఱ్ఱతో కొట్టి పరుగు తీయును. ఆటతోపాటు విద్యార్థుల పత్రికకు క్రీడావార్తలు వ్రాసెను. 1947లో విశ్వవిద్యాలయమున రేడియో కేంద్రము ప్రారంభము కాగా, అందు పలికెను. ఆడుటయు, వ్రాయుటయు, పలుకుటయు నను మూడు పనులను చదువుకొను దినములలోనే అలవరచుకొనెను. 1949లో పట్టము పొంది, నూరింటికి పైగా రేడియో కేంద్రములకు ఉత్తరములు వ్రాసెను. వాషింగ్టను నగరమందలి కేంద్ర మొక్కటియే వేసవి కాలపు పని యిచ్చెను.

ఆ సంవత్సరముననే రెడ్ బార్బర్ అను పేరుగల వ్యాఖ్యాత, బోస్టను నగరమున జరుగు ఫుట్‌బాల్ పోటీని వర్ణించుటకు ఈ యువకుని పంపెను. మంచి గది యుండునని తలచి యాతడు చలికోటును చేతితొడుగులను బసలో విడిచి వెళ్లెను. తీరా చూడగా గది లేదు. క్రీడాస్థలపు పైకప్పుపై నిలువవలసి వచ్చెను. నవంబరు మాసపు చలిగాలిలో, పొడవైన తీగ గల మైకు చేత బట్టుకొని, ఆట సాగిన దిక్కునకు కప్పుపై నటునిటు నడచుచు తుదిదాక చెప్పెను. తన యవస్థను గూర్చి ఒక్క పలుకైనను పలుకలేదు. ఈ సంగతి బార్బరునకు ఇతరుల వలన తెలిసెను. వినువారు కోరినది ఆట కబురు గాని చెప్పువాని చలి కబురు కాదని గ్రహించిన యా పిన్నవానిని మరుసటి యేడు తన చెంత చేర్చుకొనెను.

ఇక నా గురువు కథ వినదగినది. బార్బరు ఉపాధ్యాయ వృత్తికి చదువుకొనుచు, ఊడ్చు తుడుచు పనులు చేసి పొట్ట పోసికొన్న పేద విద్యార్థి. 1930లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయ రేడియో కేంద్రమునకు ఒక ఆచార్యుడు రానందున, ఆతని వ్యాసమును ఈతడు చదువవలసి వచ్చెను. ఆ వ్యాసము ఆవుల ప్రసవమును గూర్చినది! నాటి నుండి ఆతడు రేడియోవాడయ్యెను. ఆట నడుమ రేడియో పెట్టినవారు ఎవరిది పైచేయి యని వెదకుకొనరాదని, మూడు నిమిషముల ఇసుక గడియారమును ఎదుట నుంచుకొని, ఇసుక జారిన ప్రతిసారియు ఆటలెక్క చెప్పెడివాడు. ఇతర వ్యాఖ్యాతలను విని యనుకరింపవలదని శిష్యునకు బోధించెను.

శిష్యుడు గురువు పేరు నిలిపెను. 1958లో ఆతని జట్టు లాస్ ఏంజిలిస్ నగరమునకు తరలెను. అచ్చటి క్రీడాస్థలము మిక్కిలి విశాలమగుటచే వెనుకవారికి ఆట సరిగా కానరాదు. ప్రేక్షకులు ట్రాన్సిస్టరు రేడియోలు తెచ్చుకొని, కన్నుల యెదుటి యాటనే స్కల్లీ నోట వినసాగిరి. 1974 ఏప్రిల్ 8వ తేదీన హాంక్ ఆరన్ అను నల్లజాతి క్రీడాకారుడు, బేబ్ రూత్ నెలకొల్పిన 714 హోమ్‌రన్ల లెక్కను దాటెను. హోమ్‌రన్ అనగా క్రికెట్టున సిక్సరు వంటి దెబ్బ. ఆ లెక్క దాటకుండుటకై ఆరనునకు బెదరింపు లేఖలు వచ్చియుండెను. ఆరను ఎదిరి జట్టువాడు. ఐనను స్కల్లీ ఆ ఘనతను తగ్గించి చెప్పలేదు. దెబ్బ తగిలిన సంగతి చెప్పి, తాను మౌనము వహించి, జనుల హర్షధ్వానమునే కొంతసేపు విననిచ్చెను. పిదప, దక్షిణ ప్రాంతమున ఒక నల్లవానికై జనులెల్లరు లేచి నిలుచుట ఎంతటి దినమో చెప్పెను. రేడియో పెట్టె క్రింద ఆ హోరును విన్న బాలుడే, దాని విలువ యెరిగి, దానికి దారి విడిచెను. స్కల్లీ 67 ఋతువులు ఆ జట్టు ఆటలనే వర్ణించి, 2016లో విరమించెను, 2022లో పరమపదించెను.

అయితే సత్యమునకు వెల లేదని విద్యార్థులు భావింపరాదు. బార్బరు తదుపరి యాంకీలను ప్రఖ్యాత జట్టు కొలువున నుండెను. 1966లో ఆ జట్టు అట్టడుగునకు దిగజారెను. సెప్టెంబరు 22వ తేదీన, అరువదివేలకు మించి పట్టు క్రీడాస్థలమునకు వచ్చినవారు 413 మంది. శూన్యమైన ఆసనములను కెమెరాతో చూపుమని బార్బరు కోరెను, చూపలేదు. నేటి విశేషము ఆట కాదు, ఈ జనుల లెక్కయే యని యాతడు నోటితోనే చెప్పెను. కొలది దినములలో, వచ్చు సంవత్సరమునకు నీకు కొలువు లేదని యజమానులు తెలిపిరి. లెక్క దిద్దిన కొలువు నిలుచునేమో. కాని దిద్దిన లెక్కను ఎవరు నమ్ముదురు? 1978లో బేస్‌బాల్ కీర్తిమందిరమువారు వ్యాఖ్యాతల కొరకు నెలకొల్పిన ఫ్రిక్ పురస్కారమును తొలిసారి పొందిన యిరువురిలో బార్బరు ఒకడు.

దూరదేశపు కథ మనకేల యందురేమో. 1961లో హైదరాబాదున జన్మించిన హర్షా భోగ్లే, ఉస్మానియా విశ్వవిద్యాలయమున రసాయన ఇంజనీరింగు చదువుచు, పందొమ్మిదేండ్ల వయస్సుననే ఆకాశవాణిలో క్రికెట్టు వ్యాఖ్యానము మొదలిడెను. చదువును విడువలేదు, ఆ పిమ్మట అహమ్మదాబాదు మేనేజిమెంటు విద్యాసంస్థలో పట్టము పొందెను. 1991-92లో భారత జట్టు ఆస్ట్రేలియాకు వెళ్లినప్పుడు అచ్చటి ప్రసార సంస్థ ఈతనిని ఆహ్వానించెను. స్వయముగా పేరుమోసిన టెస్టు ఆటగాడు కాకున్నను, మాట నేర్పుతో ఆటను సేవింపవచ్చునని ఈతని జీవితము చెప్పుచున్నది. నేడు ఆటల వ్యాఖ్యానము తెలుగునను వినబడుచున్నది. కావున మంచి తెలుగు ఎరిగిన పిల్లలకు ఆ తలుపు మూసియుండలేదు.

విద్యార్థులారా! ఆ త్రోవ మొదలు ఎచ్చటనో లేదు. బడి ఆవరణలో కబడ్డీ జరుగునపుడు, చూపు మందగించిన తాతగారి ప్రక్క కూర్చుండి, కూతకు వెళ్లిన దెవ్వరో, పట్టు పట్టిన దెవ్వరో, లెక్క యెంతయో చెప్పి చూడుడు. ఆయన మరల మరల ప్రశ్నింపవలసి వచ్చినచో మీ వర్ణన చాలలేదని తెలియుడు. మన జట్టు ఓడుచున్నపుడును ఆ సంగతి గొంతు మార్చక చెప్పగలరేని, సగము విద్య పట్టుపడినట్లే. తక్కిన సగము ఈ గ్రంథాలయపు బీరువాలలో నున్నది. మాటల పొదుపు, పలుకు శుద్ధి, సమయమునకు తగిన పదము పెద్దల గ్రంథములు చదివిననే గాని అబ్బవు.

గ్రంథాలయములు వెలసిన తొలినాళ్లలో, అక్షరము రానివారికి అరుగుపై పత్రిక చదివి వినిపించువారుండిరి. ఉన్నది ఉన్నట్లు చదువుదురను నమ్మికతోనే ఊరు చుట్టు కూర్చుండెడిది. వారును సంజయుని వంశమువారే. ఈ గ్రంథాలయమున చదివిన పిల్లలలో ఒక్కడైనను, ఒక్కతెయైనను, అట్టి నమ్మికకు పాత్రులై, చూడలేని వారికి కన్నులగుదురుగాక!

స్వస్తి.