ఆపరేషన్ తర్వాత మలబద్ధకం: చెవికి చెప్పవలసిన మాటలు
(సంఘ వార్షిక సభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మేము ఎంచుకున్న విషయం పేరు చదవగానే వెనుక వరుసలో కొందరు నవ్వుకున్నారు. నవ్వండి, తప్పులేదు. నవ్వు వచ్చే విషయం గనుకనే ఆస్పత్రిలో దీని గురించి ఎవరూ నోరు విప్పరు. డాక్టరుగారు రౌండ్సుకు వచ్చి "మోషన్ అయ్యిందా?" అని అడిగితే, పక్క మంచాలవాళ్ళందరి ముందు మన ఖాలా తలవంచుకుని "అయ్యింది సాబ్" అనేస్తుంది. నాలుగు రోజులుగా కాలేదన్న సంగతి ఆమెకొక్కదానికే తెలుసు.

2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తర్వాత మన బస్తీల్లోని బీదవారికి కూడా పెద్ద ఆపరేషన్లు చేయించుకునే దారి దొరికింది. సంతోషించవలసిందే. అయితే ఇంటికి పంపేటప్పుడు చేతికిచ్చే కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. చెప్పవలసిన నాలుగు ముక్కలు నర్సమ్మ హడావిడిలో చెబుతుంది. నొప్పితో, మత్తుతో ఉన్న మనిషికి అందులో ఎంత ఎక్కుతుంది?

కడుపు ఎందుకు బిగుస్తుందో ముందు చెప్పుకుందాం. మత్తు ఇచ్చి కోసినప్పుడు పేగుల కదలిక మందగిస్తుంది. చిన్నపేగు సాధారణంగా ఒక రోజులో తేరుకుంటుంది గాని, పెద్దపేగుకు రెండు మూడు రోజులు పడుతుంది. దానికి తోడు మార్ఫిన్, ట్రమడాల్ వంటి నొప్పి మందులు పేగును ఇంకా నిదానం చేస్తాయి. మలం ఎక్కువసేపు నిలిచిపోయి, అందులోని నీరంతా ఇంకిపోయి రాయిలా అవుతుంది. రక్తం తగ్గిందని ఇచ్చే ఐరన్ బిళ్ళలు కూడా చాలామందికి ఇదే పని చేస్తాయి. నడక లేదు, తిండి తక్కువ, ముక్కితే కుట్లు ఊడతాయేమోనన్న భయం సరేసరి. ఆ భయంలో కొంత నిజం లేకపోలేదు. హెర్నియా, గుండె ఆపరేషన్ల తర్వాత గట్టిగా ముక్కడం మంచిది కాదు. అందుకనే మలం గట్టిపడక ముందే జాగ్రత్తపడాలి. కొందరు ఈ బాధకు జడిసి నొప్పి బిళ్ళలే మానేస్తారు. నొప్పితో నడవరు, నడవక కడుపు మరింత బిగుస్తుంది.

ఇక మన ఇళ్ళ పథ్యం సంగతి. పప్పు తింటే చీము పడుతుందని, నీళ్ళు ఎక్కువ తాగితే పుండు మానదని ఎవరో చెబుతారు. బలం రావాలని మూడు పూటలా యఖ్నీ, షోర్బా, ఖీమా తెస్తారు. మాంసం బలమే, కాదనం. కాని అందులో పీచు ఏదీ? డాక్టరు మామూలు తిండి పెట్టవచ్చని చెప్పిన తర్వాత ఆకుకూర, పప్పు, జామపండు, రాత్రి నానబెట్టిన అంజీర్, మునక్కా కూడా పెట్టండి. గుండె జబ్బుకో మూత్రపిండాల జబ్బుకో నీళ్ళు కొలిచి తాగమన్నవారు తప్ప, తక్కినవారు నీళ్ళు బాగా తాగాలి. ఇసబ్‌గోల్ వేసుకుంటే నిండు గ్లాసు నీళ్ళతో వేసుకోవాలి, లేకుంటే అదే అడ్డంపడుతుంది. రంజాన్‌లో ఆపరేషన్ అయినవారు కొందరు రోజా వదలమని పట్టుబడతారు. రోగికి దీన్ ఇచ్చిన రుఖ్సత్ ఉంది, తర్వాత ఖజా చేసుకోవచ్చు. ఈ మాట మౌల్వీసాబ్ నోటితో చెప్పిస్తే వింటారు.

సునాముఖి హదీసులో ఉన్న మూలిక అని మన పెద్దలకు గౌరవం. నేటి విరేచన బిళ్ళల్లో కూడా అది ఉంది. అయినా పేగుల ఆపరేషన్ అయినవారు డాక్టరును అడగకుండా కషాయం గాని, ఆముదం గాని పుచ్చుకోరాదు.

ఇవన్నీ కరపత్రం వేసి పంచవచ్చు గదా అని కార్యవర్గంలో ఒకరన్నారు. కరపత్రం వేయడం తేలికే. చదువు రాని నానీమాకు, శుక్లాలున్న దాదాకు, కళ్ళు తెరవడానికే ఓపిక లేని రోగికి అది ఎందుకు? చెవి మాత్రం పడుకున్నా పనిచేస్తుంది. ఫోను లేని ఇల్లు నేడు అరుదు. రికార్డు చేసిన మాటను పదిసార్లు వినవచ్చు, ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే పక్క మంచానికి వినపడదు, సిగ్గు ఉండదు. పక్కన కాపలా ఉన్న కోడలూ వింటుంది, వండేది ఆమే కదా.

మేము అనుకున్న పద్ధతి ఇది. ఒక్కోటి నాలుగు నిమిషాలకు మించకుండా మూడు భాగాలు. మొదటిది ఆపరేషన్‌కు ముందే, మనసు నిలకడగా ఉన్నప్పుడు వినిపించాలి. రెండవది మర్నాడు: మంచం మీద కాళ్ళు ఆడించడం, డాక్టరు లెమ్మన్నప్పుడు లేచి నడవడం, గ్యాస్ పోయిందా అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పడం. మూడవది ఇంటికి వెళ్ళేనాడు: పొద్దున నాస్తా తర్వాత అరగంటలో పేగు తనంతట తాను కదులుతుంది, ఆ వేళ తప్పకుండా కూర్చోవాలి; కమోడ్ అయితే కాళ్ళ కింద చిన్న పీట వేసుకోవాలి, తుంటి కీలు మార్చినవారు మాత్రం పీట వేసుకోకూడదు. తెలుగులో ఒకటి, మన ఇంటి ఉర్దూలో ఒకటి. పుస్తకాల ఉర్దూ వద్దు. "మలవిసర్జన" అంటే ఎవరికీ పట్టదు. "దొడ్డికి", "బాహర్ జానా" అనే అనాలి. ఆడవారికి ఆడగొంతే ఉండాలి. విన్న తర్వాత "ఏం విన్నారో చెప్పండి అమ్మీ" అని ఒకరు అడగాలి, అప్పుడు గాని అర్థమైందో లేదో తేలదు.

నర్సు చేయవలసిన పని రికార్డు చేయదు. కడుపు ఉబ్బి, వాంతులై, గ్యాస్ కూడా పోకపోతే ఆ రికార్డు కట్టేసి వెంటనే ఆస్పత్రికి పోవాలి. ఈ మాట మూడు భాగాల్లోనూ మొట్టమొదట వినిపించాలని మా పట్టుదల.

రాతప్రతి సిద్ధంగా ఉంది. సభలో ఉన్న డాక్టర్లు ఇద్దరైనా చదివి దిద్దకుండా రికార్డు చేయం. గొంతు ఇవ్వగల సోదరీమణులు సభ ముగిశాక భోజనాల ముందు మా బల్ల దగ్గర పేరు రాయించండి. ఖర్చు ఒక వాటర్ కూలరులో పదోవంతు కూడా కాదు, ఖజాంచీగారు కంగారుపడనక్కరలేదు.