ఒప్పుకోని పాత్రలు



పట్టాలు అందుకునే ఇలాంటి వేదికల మీద 'వచ్చిన అవకాశాన్ని వదులుకోవద్దు' అని చెప్పడం రివాజు. నేను మాత్రం అవకాశాలు వదులుకున్న నటి గురించి చెబుతాను.

సిసిలీ టైసన్ 1924లో న్యూయార్క్‌లో పుట్టారు. తల్లిదండ్రులు కరీబియన్ దీవి నెవిస్ నుంచి వలస వచ్చినవాళ్లు. ఆమె టైపిస్టుగా పనిచేశారు, మోడల్ అయ్యారు, ఆ తర్వాత నటన వైపు వచ్చారు. భక్తురాలైన తల్లికి అది నచ్చక ఇల్లు విడిచి వెళ్లమంది. 1963లో 'ఈస్ట్ సైడ్/వెస్ట్ సైడ్' అనే టీవీ సీరియల్‌లో, జుట్టును తిన్నగా చేయించుకోకుండా పుట్టుకతో వచ్చిన ఉంగరాల జుట్టుతోనే కనిపించారు. అప్పట్లో అమెరికా టీవీలో అది కొత్త.

1972లో వచ్చిన 'సౌండర్' సినిమాలో నటనకు ఆమెకు ఆస్కార్ నామినేషన్ దక్కింది. ఆ సినిమా చూసిన ఒక తెల్లజాతి విలేకరి, అందులో నల్లజాతి పిల్లాడు కూడా తన కొడుకులాగే తండ్రిని 'డాడీ' అని పిలవడం మింగుడుపడలేదని ఒప్పుకున్నాడు. తన జాతిని కించపరిచే పాత్రలు చేయకూడదన్న ఆమె పట్టుదల దాంతో మరింత గట్టిపడింది. అందుకు పని లేని రోజులనూ భరించారు.

ఒప్పుకున్న పాత్రకు మాత్రం ప్రాణం పెట్టేవారు. 1974లో 'ది ఆటోబయోగ్రఫీ ఆఫ్ మిస్ జేన్ పిట్‌మన్'లో, బానిసగా పుట్టిన స్త్రీని యౌవనం నుంచి 110 ఏళ్ల వయసు దాకా నటించి చూపారు. చివరికి ఆ ముదుసలి, తెల్లవాళ్లకు మాత్రమే అని రాసి ఉన్న కుళాయి దగ్గరికి నడిచి వెళ్లి నీళ్లు తాగుతుంది. ఆ నటనకు రెండు ఎమ్మీలు వచ్చాయి. 30 ఏళ్ల విరామం తర్వాత బ్రాడ్‌వేకి తిరిగొచ్చి, 2013లో 88 ఏళ్ల వయసులో టోనీ గెలిచారు. 2018లో గౌరవ ఆస్కార్ అందుకున్నారు. 2021లో, 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మీలో చాలామందికి విద్యారుణం ఉంది. మొదటి ఉద్యోగాన్నే కాలదన్నుకోమని నేను చెప్పను. పాత్ర చిన్నదనో, పారితోషికం తక్కువనో టైసన్ కూడా గీత గీసుకోలేదు. నలుగురి ముందు తనవాళ్లు తల దించుకోవాల్సిన పనికే అడ్డు చెప్పారు. మీరు కూడా ఏ పని చేయరో ఇవాళే తేల్చుకోండి. జీతం అంకె చూశాక తేల్చుకోవడం కష్టం.