అమ్మ రికార్డులకు ఏ యంత్రం కొందాం?



మీ ఇంట్లో అటకమీదో, ట్రంకుపెట్టె అడుగునో పాత గ్రామఫోను రికార్డులు ఉన్నాయా? అమ్మవో, అత్తగారివో? ఈమధ్య పిల్లలు మళ్ళీ వాటిమీద మోజు పడుతున్నారు. "అమ్మా, ఒక టర్న్‌టేబుల్ కొందాం" అంటున్నారు. కొనండి, కాదనను. అయితే కొనేముందు ఒక్కమాట. యంత్రం పాడైతే ఇంకొకటి దొరుకుతుంది. ఆ పాత రికార్డు అరిగిపోతే మళ్ళీ దొరుకుతుందన్న నమ్మకం లేదు. కనుక పెట్టె అందం చూసి కాదు, మనదగ్గరున్న రికార్డుల్ని చూసి యంత్రాన్ని ఎంచుకోవాలి.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. నాయనమ్మ రికార్డులు వినిపిద్దామని మా అమ్మాయి సూట్‌కేసులాంటి ముచ్చటైన ప్లేయరు ఒకటి తెచ్చింది. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని ఎదురుగా కూర్చున్నారు. బుసబుసలు తప్ప పాట సరిగా వినపడలేదు. "నా చెవులే పోయాయేమోనమ్మా" అన్నారావిడ. చెవులకేం కాలేదు. అది 78 రికార్డు, ప్లేయరులో ఉన్నది ఎల్.పి. సూది. ఈ సంగతి తెలుసుకోవడానికి మాకు నెలరోజులు పట్టింది.

అందుచేత మొట్టమొదట రికార్డుల్ని వేరుచేసుకోండి. బరువుగా, పెళుసుగా ఉండి, ఒక్కోవైపు మూడు నిమిషాలపాటు పాడేవి నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులు. వీటి తయారీలో లక్క వాడేవారు. అవును, హైదరాబాదు లాడ్‌బజారులో గాజులు చేసే లక్కే! జారితే గాజులాగే పగులుతాయి. అమెరికాలో 1948లో కొలంబియా కంపెనీ తెచ్చిన ఎల్.పి.లు వినైల్‌తో చేసినవి, 33⅓ చుట్లు తిరిగేవి. మరుసటి ఏడు, 1949లో, 45 చుట్ల చిన్న రికార్డులు వచ్చాయి.

78 రికార్డు గాడి వెడల్పు. దానికి అంగుళంలో వెయ్యింట మూడు వంతుల మొన ఉన్న సూది కావాలి. ఎల్.పి. సూది మొన వెయ్యింట ఒక వంతు కూడా ఉండదు. ఆ సన్నసూది వెడల్పు గాడి అడుక్కి దిగి, అక్కడున్న దుమ్మునే పాడుతుంది. కాబట్టి మీవి 78లైతే దుకాణంలో రెండు ప్రశ్నలు అడగండి: ఈ యంత్రం 78 వేగంతో తిరుగుతుందా? దీనికి 78 సూది విడిగా దొరుకుతుందా? ఇప్పటి యంత్రాలు చాలావాటిలో 33, 45 వేగాలే ఉంటాయి.

ఇక సూది బరువు. రెండు గ్రాముల బంగారమంటే ఎంతో మనకు ఒకరు చెప్పక్కర్లేదు కదా! మంచి యంత్రంలో సూది ఎల్.పి. మీద ఇంచుమించు అంత బరువే మోపుతుంది. చవకరకం వాటిలో అది అయిదు గ్రాముల దాకా ఉంటుంది. బరువు పెరిగినకొద్దీ అరుగుదల పెరుగుతుంది. సూదిని మోసే చెయ్యి వెనకవైపు, త్రాసులో రాయిలాగా, జరుపుకోవడానికి వీలైన చిన్న బరువు ఉందేమో చూడండి. ఎంత పెట్టాలో సూదితో వచ్చే కాగితంలో రాసి ఉంటుంది. అరిగిన సూదిని మాత్రం వాడకండి. అది గాడిని చెక్కేస్తుంది. కీ ఇచ్చి తిప్పే పాత గ్రామఫోను మీద ఎల్.పి. పెట్టారంటే ఒక్కసారికే పాడైపోతుంది.

బెల్టుతో తిరిగేది మంచిదా, మోటారే నేరుగా తిప్పేది మంచిదా అని వాదించుకుంటారు. రెండూ మంచివే. వీణో, వేణువో ఉన్న రికార్డు వేయించుకుని వినండి. సాగదీసిన స్వరం ఊగిసలాడిందా, ఆ యంత్రం మనకు వద్దు.

సూదినుంచి వచ్చే విద్యుత్తు అతి స్వల్పం. దాన్ని పెంచి, స్వరాన్ని సరిచేసే ఫోనో ప్రీయాంప్లిఫయర్ తప్పనిసరి. యంత్రంలోనే ఉందో, విడిగా కొనాలో ముందే కనుక్కోండి. లేకపోతే ఇంటికి తెచ్చాక పాట గుసగుసలాగే వినపడుతుంది.

యంత్రాన్ని కదలని, సమమైన బల్లమీద పెట్టండి. స్పీకరు మీద పెట్టకండి. రికార్డుల్ని కంచాల్లాగ దొంతర పెట్టక, పుస్తకాల్లాగ నిలబెట్టండి. మన ఎండలకు ఎల్.పి.లు వంకరపోతాయి, కిటికీ దగ్గర ఉంచకండి. లక్క రికార్డుల్ని స్పిరిటుతో తుడవకండి, లక్క కరుగుతుంది.

చివరికి మేము యంత్రమూ మార్చాం, సూదీ మార్చాం. మళ్ళీ అదే రికార్డు వేశాం. పాట అయ్యేదాకా అత్తగారు ఒక్కమాట మాట్లాడలేదు. అయ్యాక, "రెండోవైపు కూడా వెయ్యండమ్మా" అన్నారు.

మీ ఇంట్లోనూ ఆ రెండోవైపు వినపడాలని కోరుకుంటూ, సెలవు.