కాఫీ ఇంటిది, టీ ఆఫీసుది
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి పెద్దలు వివరంగా మాట్లాడారు. భోజనాల ముందు ఏదైనా తేలిక విషయం చెప్పమని కార్యదర్శిగారు నాకు పది నిమిషాలు ఇచ్చారు. అందుకని కాఫీ, టీల తగవు ఎత్తుకున్నాను.

నేను పుట్టుకతో కాఫీ పక్షం. మాది గోదావరి జిల్లా. మా ఇంట్లో ఇత్తడి ఫిల్టరు వయసులో నాకంటే పెద్దది. ఎనభై పాళ్లు కాఫీ, ఇరవై పాళ్లు చికోరీ కలిపిన పొడి వేసి, మరిగిన నీళ్లు పోసి మూతపెడితే డికాక్షన్ చుక్కచుక్కగా దిగేది. రెండోసారి నీళ్లు పోసి దింపిన డికాక్షన్ అప్పులవాడికైనా ఇవ్వకూడదనేవారు మా నాన్నగారు. మన అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మా ఇంట్లో ఎవరో పరీక్ష ప్యాసయినంత సంబరపడ్డాను.

ఆఫీసులో మాత్రం టీయే. 1970లలో నేను తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరాను. పదకొండింటికీ, నాలుగింటికీ టీ కుర్రవాడు తీగ స్టాండులో గాజు గ్లాసులు తెచ్చేవాడు. నెలాఖరులో వన్ బై టూ. ఖాతా ఒకటో తారీఖున చెల్లు. ఎవరి అమ్మాయికి సంబంధం కుదిరింది, ఎవరి ఇంక్రిమెంటు ఆగింది, అన్నీ ఆ ఐదు నిమిషాల్లోనే తెలిసేవి. జమాబందీ రోజుల్లో రాత్రి పదింటిదాకా మమ్మల్ని కుర్చీల్లో నిలబెట్టింది ఆ టీయే. దాని రుచి ఎలా ఉండేదో చెప్పలేను గాని, ఎవరెవరితో తాగానో మాత్రం వరసగా చెప్పగలను.

ఉద్యోగులం గనుక మనం గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఉంది. కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లను మూసివేయ తలపెట్టినప్పుడు, వాటిలో పనిచేసేవారే ఎ.కె. గోపాలన్ గారి ప్రోత్సాహంతో సహకార సంఘాలు పెట్టుకుని నడుపుకున్నారు. బెంగళూరు సంఘం 1957లో ఏర్పడింది. నలుగురూ కలిస్తే కాఫీ కప్పు కూడా ఆసరా అవుతుంది.

రిటైరైన మర్నాడు నాలుగింటికి టీ రాలేదు. అయినా ఇంట్లో కాఫీ ఉంది, ఇవ్వడానికి మనిషి ఉంది గనుక లోటు తెలియలేదు. నాలుగేళ్ల క్రితం మా ఆవిడ కాలం చేసింది. మాది నాలుగు గ్లాసుల ఫిల్టరు. అందులో ఒక్కడికి సరిపడా పొడి వేస్తే నీళ్లు గబగబా కిందికి జారిపోతాయి, డికాక్షన్ పలచన. ఇప్పుడు సాయంత్రం వీధి చివర టీ బడ్డీకి వెళుతున్నాను. అక్కడ మనవాళ్లు ముగ్గురుంటారు. పార్టీ ఫిరాయించావా అని అడుగుతున్నారు. నాలుక ఫిరాయించలేదండీ, మనిషికి తోడు కావలసి వచ్చింది.

మగవాళ్లం మాకు బడ్డీ ఉంది. ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటున్న అక్కచెల్లెళ్ల మాటేమిటి? ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ పనిమీద వస్తారు, సంతకం పెట్టి వెళ్లిపోతారు. ఎలా ఉన్నారమ్మా అని అడిగే వ్యవధి మనకూ ఉండదు, కూర్చునే చోటు వారికీ ఉండదు.

కనుక నా మనవి ఒక్కటే. నెలకు ఒక ఆదివారం సాయంత్రం సంఘ భవనంలో కాఫీ, టీ రెండూ పెడదాం. వారిని ఫోను చేసి పిలుద్దాం, రాలేనివారిని ఆటోలో తీసుకొద్దాం. రెండు జాగ్రత్తలు: థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు పొద్దున కాఫీకి కనీసం అరగంట ఆగాలి. ఐరన్ మాత్రను టీతోగాని, కాఫీతోగాని మింగకూడదు. నిద్ర పట్టనివారు సాయంత్రం పూట పాలు తాగవచ్చు, రావడం మాత్రం మానవద్దు.

మొదటి నెల పాలు, పొడి ఖర్చు నాది. ఫిల్టరు కూడా తెస్తాను. ఈ మనవిని కార్యవర్గం తీర్మానంగా తీసుకోవాలని కోరుతున్నాను.