శీర్షిక ఒంటరిగా తిరుగుతుంది
(మన పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నీటి సరఫరా పనుల్లో ముప్పై ఏండ్లు గడిపిన ఇంజనీరును కాబట్టి పైపుల గురించో పంపుల గురించో మాట్లాడతానని కమిటీ మిత్రులు అనుకొని ఉంటారు. నేను మాత్రం వెబ్ పత్రికలకు వ్యాసాలు రాసి పంపడం గురించి, ముఖ్యంగా వాటికి పేరు పెట్టడం గురించి మాట్లాడతాను. మన బ్యాచుల వాళ్లు చాలామంది ఈ మధ్య రాస్తున్నారు. పిల్లలు కూడా రాయాలని నా కోరిక. నేను చేసిన ఒక తప్పు వాళ్లు చేయవద్దని కూడా నా కోరిక.

రాసి పత్రికకు పంపడం మన నేలకు కొత్త కాదు. 1922లోనే నల్లగొండ పట్టణం నుంచి 'నీలగిరి' పత్రిక వచ్చింది. 1926లో మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు హైదరాబాదులో 'గోలకొండ' పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరని ఎవరో రాస్తే, ఆయన ఊరూరి నుంచి కవితలు తెప్పించి 1934లో 354 మంది కవులతో ఒక సంపుటి అచ్చు వేశారు. దానికి పెట్టిన పేరు చూడండి: 'గోలకొండ కవుల సంచిక'. ఎక్కడివారు, ఎవరు, ఏమిటి అనేవి మూడు మాటల్లో ఉన్నాయి. అందులో కోపం లేదు, సవాలు లేదు. చెప్పవలసింది లోపలి పేజీలు చెప్పాయి.

ఇప్పుడు రాసేవారికి దారి సులువైంది. 'ఈమాట' వెబ్ పత్రిక 1998లో మొదలైంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఆ తర్వాత ఎన్నో వచ్చాయి. పోస్టు ఖర్చు లేదు, రాత్రి పదింటికి కూడా పంపవచ్చు. అయితే ఒక తేడా వచ్చింది. కాగితం మీద శీర్షిక, దాని కింద వ్యాసం ఒకే చోట ఉంటాయి. ఫోనులో అట్లా కాదు. శీర్షిక ఒక్కటే ముందు కనబడుతుంది, దాన్నే పక్కవాళ్లకు పంపుతారు. వ్యాసం తెరిచి చదివేది కొందరే.

ఈ తేడా నాకు ఎట్లా తెలిసివచ్చిందో చెబుతాను.

కొన్నేండ్ల కింద మర్రిగూడ వైపు ఒక ఊరి తాగునీటి మీద వ్యాసం రాశాను. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. అక్కడి బోర్లలో అది దాటి, పండ్లు పచ్చబడి, నడుములు వంగిన మనుషులను చిన్నప్పుడు మనమందరం చూసినవాళ్లమే. వ్యాసంలో సగం ఆ కష్టం, మిగతా సగం కృష్ణా నీళ్లు వచ్చాక అక్కడ ఏం మారిందన్నది. నేను పెట్టిన పేరు 'బోరు నీళ్ల నుంచి కృష్ణా నీళ్లకు'. ఒక సైటుకు పంపాను. వాళ్లకు వ్యాసం నచ్చింది, పేరు నచ్చలేదు. "ఆ ఊరికి పిల్లనివ్వరు! ఎందుకో తెలుసా?" అని మార్చి, మీకు సమ్మతమేనా అని అడిగారు. ఎక్కువమంది చదువుతారన్నారు. నాకూ ఆశ పుట్టింది. సరేనన్నాను.

నిజంగానే చాలామంది చూశారు. వారం తిరగకముందే మన బడిలో నాకు రెండేండ్లు ముందు చదివిన ఒకాయన ఫోను చేశాడు. ఆయనది ఆ ఊరే. కొడుక్కు సంబంధం చూస్తున్నారు. అమ్మాయి తరఫువాళ్లు ఫోనులో నా వ్యాసం పేరు చూపించి వెనక్కి తగ్గారు. లోపల ఏమున్నదో వాళ్లు చదవలేదు. ఆయన నన్ను తిట్టలేదు. "తమ్మీ, ఊర్ల నీళ్లు మారినయ్. నీ రాతల మాత్రం మారలేదా?" అన్నడు. అంతే.

సైటువాళ్లకు రాస్తే పేరు మార్చారు. కానీ వాట్సాప్‌లో తిరుగుతున్న ఆ బొమ్మలను ఎవరు మార్చగలరు? పేరు పెట్టింది వాళ్లే అయినా సరేనన్నది నేను. ఇప్పటికీ ఆ ఊరి మీదుగా పోతే కారు ఆపడానికి సంకోచిస్తాను.

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. వ్యాసం తెరవకుండా శీర్షిక ఒక్కటే చదివినవారికి కూడా నిజమే తెలియాలి. ఆ ఊరిమనిషి ముందు నిలబడి ఆ శీర్షికను పైకి చదవగలగాలి. చదవలేకపోతే అది పనికిరాదు.

మన ఊరి పేరే దీనికి మంచి ఉదాహరణ. 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ ఒక పద్ధతి రూపొందించింది. నీటిలో పటిక, సున్నం తగుపాళ్లలో కలిపి, తిప్పి, తేరనిచ్చి, వడగట్టి ఫ్లోరైడును తగ్గించడం. దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు. ఆఫ్రికాలో ఫ్లోరైడుతో బాధపడే దేశాల ఇంజనీర్లకు కూడా ఆ పేరు తెలుసు. మన ఊరి పేరును జబ్బుకు కాకుండా మందుకు జోడించారు. పేరు పెట్టడంలో మర్యాద అంటే అదే.

ఇక రాసే పిల్లలకు నాలుగు పనికొచ్చే మాటలు. శీర్షికను వ్యాసం పూర్తయ్యాకే ఖాయం చేయండి. ముఖ్యమైన మాట మొదట రానివ్వండి, ఫోను తెర మీద చివరి మాటలు తెగిపోతాయి. "ఒక పరిశీలన", "ఒక సమీక్ష" అనే తోకలు తీసేయండి. ఫ్లోరైడు నీటిలో ఉండేది, ఫ్లోరోసిస్ ఒంటికి వచ్చేది. అట్లాంటి మాటలు తారుమారు కానీయకండి. నల్లగొండ అని కొందరు, నల్గొండ అని కొందరు వెతుకుతారు కాబట్టి శీర్షికలో ఒక రూపం ఉంటే, వ్యాసంలో ఒక్కచోటైనా రెండోది రానివ్వండి. వికీపీడియాలో ఇందుకోసమే 'దారిమార్పు' అనే ఏర్పాటు ఉంది.

పంపేటప్పుడు యూనికోడ్‌లో టైపు చేసి పంపండి. అచ్చు పనికి వాడే పాత అను ఫాంట్లలో ఉన్నది నేరుగా అతికిస్తే అవతల అర్థంకాని గీతలే కనబడతాయి. ఒకే వ్యాసాన్ని ఒకేసారి రెండు చోట్లకు పంపకండి. సంపాదకులు తిప్పి పంపితే చిన్నబోకండి, ఎందుకు పంపారో చూసుకోండి. వాళ్లు పేరు మారుస్తామంటే మాత్రం ఒక రాత్రి ఆగి జవాబివ్వండి. నేను ఆగలేదు.

యాభై ఏండ్ల ఈ బడి గురించి, మన చేదబావుల గురించి, వలసపోయిన పాలమూరు కుటుంబాల గురించి రాయవలసింది ఇంకా ఎంతో ఉంది. మనం రాయకపోతే బయటివారు రాస్తారు, పేరు కూడా వాళ్లే పెడతారు. వచ్చే ఏడు కలిసేసరికి ఒక్కొక్కరం ఒక్క వ్యాసమైనా రాద్దాం.

నా మొదటి వ్యాసానికి నేను పెట్టిన పాత పేరుతోనే, ఆ ఊరి గురించి మళ్లీ రాస్తున్నాను. ఈసారి పంపే ముందు ఆ అన్నకే చదివి వినిపిస్తాను.

సెలవు.