కేసుషీటులో ఎత్తు గడి

మత్తు వైద్యంలో పట్టా పుచ్చుకుని రేపటి నుంచి సొంత పూచీ మీద సూది పట్టబోతున్నవారితో ఈ సభలో వక్త స్థూలకాయుల గురించి మాట్లాడవలసింది చాలా ఉంది.

2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో అధిక బరువో స్థూలకాయమో ఉన్నవారు దేశం మొత్తం మీద 24 శాతం కాగా, తెలంగాణలో 30 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం. సిజేరియన్‌కో, హెర్నియాకో, మోకాలి మార్పిడికో బల్ల ఎక్కే భారీకాయులు పాఠ్యపుస్తకంలో చివరి అధ్యాయానికి పరిమితమైన అరుదైన రోగులు కారని, ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ నిత్యం కనిపించేవారేనని ఈ అంకెలు చెబుతున్నాయి.

అలాంటివారిని వెల్లకిలా పడుకోబెట్టినప్పుడు పొట్ట బరువు ఉదరవితానాన్ని, అంటే ఛాతీకీ కడుపుకూ మధ్య ఉండే కండర పొరను, పైకి నెట్టడం వల్ల, ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో మిగిలి ఉండవలసిన గాలి నిల్వ తగ్గిపోతుంది. పూర్తి మత్తు ఇచ్చి శ్వాస ఆగిన క్షణం నుంచి శ్వాసనాళంలో గొట్టం వేసేలోపు ప్రాణం నిలిపేది ఆ నిల్వే కనుక, సన్నటి మనిషి విషయంలో దొరికే వ్యవధి లావుపాటి మనిషి విషయంలో దొరకదు. దీనికి తోడు గురక పెడుతూ నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉన్నవారికి, ఆపరేషన్ తరువాత నొప్పికి ఇచ్చే మార్ఫిన్ జాతి మందులు వార్డులో అర్ధరాత్రి ప్రమాదం తెచ్చిపెట్టగలవు. ప్రాంతీయ మత్తు, అంటే శస్త్రచికిత్స జరిగే భాగానికి వెళ్లే నరాల దగ్గరో, వెన్నులోనో మందు వేసి ఆ మేరకే స్పర్శ పోగొట్టే పద్ధతి, ఈ రెండు చిక్కులనూ చాలావరకు తప్పిస్తుంది. జర్మనీలోని కీల్ నగరంలో ఆగస్ట్ బీర్ 1898లో కొకైన్‌తో మొదటి వెన్ను మత్తు ఇచ్చిన నాటి నుంచి మందులు, సూదులు మారాయి గాని ఈ ప్రయోజనం మారలేదు.

అయితే సులువుగా ఊపిరి పీల్చుకునే వీలు రోగికి ఇచ్చే ఈ పద్ధతి, ఇచ్చేవారికి మాత్రం ఊపిరాడనివ్వదు. వెన్నుపూసల మొనలు చేతికి అందనప్పుడు వాటి మధ్య సందు పట్టుకోవడం పరుపు కింది తాళంచెవిని పైనుంచి తడిమి వెతకడం లాంటిది. మామూలు 9 సెంటీమీటర్ల సూది కొందరికి చాలదు. కొవ్వు పొరల మధ్య నరం అల్ట్రాసౌండ్ తెర మీద మసకగా కనిపిస్తుంది. 2005లో అమెరికాలో వెలువడిన 9,038 బ్లాకుల, అంటే ప్రాంతీయ మత్తుల, పరిశీలనలో, శరీర ద్రవ్యరాశి సూచీ 30 గాని అంతకు మించి గాని ఉన్నవారిలో బ్లాకు విఫలమయ్యే అవకాశం 1.62 రెట్లు ఉన్నట్టు తేలింది. వెన్ను మధ్యగీత దొరకనప్పుడు, కూర్చోబెట్టిన రోగినే "సూది కుడివైపు గుచ్చుకుంటోందా, ఎడమవైపా?" అని అడిగితే దారి తెలుస్తుందని వక్తకు నేర్పిన గురువు అనేవారు; ఏ యంత్రమూ అక్కరలేని ఆ ఉపాయం ఇప్పటికీ పనిచేస్తుంది. అల్ట్రాసౌండ్ ఉంటే ముందుగానే లోతు కొలిచి గుర్తు పెట్టుకోవడం మరీ మంచిది. గర్భస్థ లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద ఆ యంత్రాన్ని నమోదు చేయించవలసి ఉండడంతో, వక్త పనిచేసిన ఒక ఆసుపత్రిలో అది థియేటరుకు రావడం కన్నా తాళం వెనుక ఉండడమే ఎక్కువ.

ఇక వక్తను ఏళ్ల తరబడి వదలని బెంగ ఒకటుంది: కేసుషీటులో ఎత్తు రాయవలసిన గడి ఖాళీగా ఉంటుంది. బరువు గడిలో ఒక అంకె ఉంటుంది గాని, అది తూకం యంత్రం చెప్పినది కాదు, గుమ్మం దగ్గర నిలబడిన జూనియర్ డాక్టరు కంటిచూపుతో తేల్చినది. సంతలో పశువును చూసి ధర కట్టే పెద్దమనిషి కూడా ఇంతకన్నా దగ్గరికి వెళ్లి చూస్తాడు. 155 సెంటీమీటర్ల ఎత్తు, 110 కిలోల బరువు ఉన్న స్త్రీకి నరాల బ్లాకుకు కిలోకు 2 మిల్లీగ్రాముల చొప్పున బుపివకెయిన్ అనే మత్తు మందు లెక్కగడితే 220 మిల్లీగ్రాములు వస్తుంది. ఎత్తులోంచి 105 తీసివేస్తే వచ్చే ఆదర్శ బరువు 50 కిలోల మీద లెక్కగడితే 100 మిల్లీగ్రాములే వస్తుంది. కొవ్వు పెరిగినంతగా గుండె, మెదడు, రక్తం పెరగవు కనుక, జాగ్రత్తపడే వైద్యులు రెండో లెక్కనే పట్టుకుంటారు. మొదటి లెక్క మూర్ఛకు, గుండె లయ తప్పడానికి దారి తీయగలదు. ఎత్తు తెలియకపోతే ఆ రెండో లెక్క ఎలా వస్తుంది? ఐదంకెల జీతం కోసం పది ప్రవేశపరీక్షల పాఠాలు కంఠస్థం చేసిన ఆ జూనియర్ డాక్టర్లకు మూడంకెల ఎత్తు ఒకటి రాయడానికి ఓపిక చాలకపోవడం విచిత్రమే.

వెన్ను మత్తులో కూడా మోతాదు తగ్గించుకోవలసిందే; కడుపులో ఒత్తిడి వల్ల వెన్నుద్రవం చోటు కుదించుకుపోయి మందు అనుకున్నదానికన్నా పైకి పాకవచ్చు. భుజం ఆపరేషన్‌కు మెడ దగ్గర వేసే బ్లాకు విషయంలో రెండుసార్లు ఆలోచించాలి, ఎందుకంటే మామూలు మోతాదులో అది ఆ వైపు ఉదరవితానాన్ని కూడా దాదాపు ప్రతిసారీ స్తంభింపజేస్తుంది. అసలే గాలి నిల్వ తక్కువైన మనిషికి అది అప్పు మీద అప్పు.

బ్లాకు కుదిరింది కదా అని శ్వాసనాళం సంగతి మరచిపోయేవారిని మందలించక తప్పదు. బ్లాకు మధ్యలో తేలిపోతే, పొట్ట తెరిచి ఉన్న స్థితిలోనో, పక్కకు తిరిగి ఉన్న స్థితిలోనో భారీకాయులకు గొట్టం వేయవలసి రావడం కన్నా దుర్దశ థియేటరులో మరొకటి లేదు. అందువల్ల భుజాలు, తల ఎత్తుగా పేర్చి చెవి రంధ్రం, ఛాతీ ఎముక పై గుంట ఒకే మట్టంలోకి వచ్చేలా పడుకోబెట్టడం, వీడియో లారింగోస్కోపు, మత్తు మందు వికటిస్తే విరుగుడుగా ఇచ్చే కొవ్వు ద్రావణం సిద్ధంగా ఉంచుకోవడం సూది ముట్టకముందే జరగాలి. "నడుముకు సూది వేస్తే జన్మంతా నడుము నొప్పే" అని భయపడే రోగికి ముందురోజు సాయంత్రమే ఓపికగా నచ్చజెప్పాలి, ఆ రోగి లావు మీద థియేటరులో ఒక్క పరిహాసం కూడా వినిపించకూడదు. మత్తు నడుము కింది భాగానికే, చెవులకు కాదు.

ఈ పట్టభద్రులు చేరబోయే ప్రతి వార్డులో తూకం యంత్రమూ ఎత్తు కొలిచే పట్టీ ఉన్నాయో లేదో మొదటి రోజే చూసి, లేకపోతే సూపరింటెండెంటుకు కాగితం రాసి ఇచ్చి, అవి వచ్చేదాకా వదలకుండా అడగాలని వక్త కోరుతున్నాడు.